పొట్టమీద వెయ్యి, లోపల ఏడువందల యాభై

నేను ఒక చిన్న జనరేటర్ని. చిన్న అన్నానని చిన్నచూపు చూడకండి, పాతిక కిలోల ఒళ్లు నాది. నెత్తిమీద ఒక పిడి ఉంటుంది. ఒంటిచేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చని నాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ రాసినవాడు నన్ను ఎప్పుడూ ఎత్తి ఉండడు. నన్ను ఎత్తినవాళ్లు ఆ పుస్తకం ఎప్పుడూ చదవలేదు. నా బతుకు ఈ రెండు ముక్కల మధ్యనే నడిచింది.

నా పొట్టమీద తెల్లటి పెద్ద అంకెల్లో వెయ్యి అని ఉంటుంది. వెయ్యి వాట్లని అర్థం. దాని కింద చీమ తలంత అక్షరాల్లో ఏడువందల యాభై అని ఉంటుంది. పైది నేను ఊపిరి బిగబట్టి కాసేపు మొయ్యగలిగే బరువు, కిందది రోజూ మొయ్యగలిగే బరువు. పెళ్లిచూపుల్లో చెప్పే వయసుకీ బడి రిజిస్టర్లో ఉండే వయసుకీ ఉన్నంత తేడా. కొనేవాళ్లెవరూ కిందికి చూపు దించరు. వాళ్లనని ఏం లాభం, చాలాకాలం నేనూ దించలేదు. వెయ్యి వాట్ల వాణ్ణని మురిసిపోతూ బతికాను.

ఎక్కడో పడమట ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తల్లెవరని అడిగితే చెప్పలేను, పదకొండుమంది తలా ఒక బోల్టు బిగించారు. చివర్న ఒకాయన తాడు లాగాడు. నేను ఒక్క అరుపు అరవగానే చెవులు మూసుకుని, బాగానే ఉందన్నట్టు తలాడించి, 'నిశ్శబ్దంగా పనిచేయును' అన్న అట్టముక్క నా వీపుకి అంటించాడు. మనుషుల మాటల్ని అర్థం చేసుకోవడం నేను అక్కడే మొదలుపెట్టాను. తర్వాత అట్టపెట్టెలో లారీ ఎక్కి అమలాపురంలో శేషుబాబు గారి ఎలక్ట్రికల్ షాపులో దిగాను.

షాపులో మేం ముగ్గురం. నాకు ఎడంపక్క చక్రాలున్న పెద్దాయన, మూడు వేల వాట్లు. కుడిపక్క నీలంరంగు చొక్కా తొడుక్కున్న నాజూకు మనిషి. ఆయన నడుస్తుంటే పక్కన పసిపిల్ల నిద్రపోవచ్చని శేషుబాబు గారు అందరికీ చెప్పేవారు. మధ్యలో నేను. మనుషులు మమ్మల్ని ఎలా ఎంచుకుంటారో ఆ షాపులో ఆరు నెలలు చూశాను. ఒకాయన ఇంటి గేటు రంగుకి సరిపోయేది కావాలన్నాడు. ఇంకొకాయన మా ముగ్గురినీ వదిలేసి, పక్కింటివాళ్లు ఏది కొన్నారో కనుక్కుని వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఎన్ని బల్బులు వెలుగుతాయని అడిగేవారు, పెట్రోలు ఎంత తాగుతుందని అడిగేవారు. దీన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలని అడిగిన మహానుభావుణ్ణి నేను చూడలేదు. నేను కూడా ఆ ప్రశ్న గురించి ఆలోచించలేదు. కొంటే చాలు, నెత్తినెక్కి కూర్చోవాలని నా కోరిక.

ఒకరోజు పొద్దున్నే లంక నుంచి ముగ్గురు వచ్చారు. గోదావరి పాయకి అవతల ఉన్న బొండాయిలంక వాళ్లది. ముందు నడిచిన భారీ మనిషి ధనకుమారి, ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద. వెనకాల సన్నగా, కళ్లకింద నలుపుతో వచ్చినామె వీరవేణి. సంచి పట్టుకుని ఆఖరున వచ్చినాయన ఆమె భర్త ఏడుకొండలు, కొబ్బరికాయల వలుపు పని చేస్తాడు.

వాళ్ల మాటల్ని బట్టి సంగతి తెలిసింది. వీరవేణి దగ్గర గుడ్లు పొదిగే పెట్టె ఉంది. నాలుగు బల్బులు, ఒక బుల్లి ఫ్యాను, రెండువందల గుడ్లు పట్టే అరలు. లంకలో నలభై ఇళ్ల ఆడవాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లు తెచ్చి ఆమెకి ఇస్తారు. ఎవరి గుడ్డు ఏదో తెలియడానికి తలా ఒక గుర్తు పెడతారు. ఒకరు కుంకుమ చుక్క, ఒకరు బొగ్గు గీత, ఒకరు పిల్ల పేరులో మొదటి అక్షరం. ఇరవై ఒకటో రోజుకి పిల్లలొస్తే ఎవరివి వాళ్లు పట్టుకెళతారు. మొన్నటి విడతలో పందొమ్మిదో రోజున కరెంటు పోయి రోజంతా రాలేదు. రెండువందల గుడ్లలో ఒక్కటి కూడా పిల్ల కాలేదు. పగలగొట్టి చూస్తే లోపల ఈకలొచ్చిన పిల్లలు ముడుచుకుని ఉన్నాయట. ఆ రోజు నుంచి ఊళ్లో సగంమంది వీరవేణితో మాట్లాడటం మానేశారు. జనరేటరు కొంటేనే ఇంకొక్కసారి గుడ్లిస్తామని సంఘంలో తీర్మానం చేశారు. ఈసారి కూడా పోతే ఇక ఆమె చేతికి ఎవరూ గుడ్డివ్వరు. ఆ పెట్టెలో కోడిపిల్లలకంటే ముందు వీరవేణి మాట పొదుగుతోందన్నమాట.

శేషుబాబు గారి మెకానిక్ కరీముల్లా మా గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ధనకుమారి చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చెప్పేది మాకు తెలీదు గాని తమ్ముడూ, మాకు తెలిసినట్టు చూసుకోనీ," అంది.

లంకలో పుట్టినవాళ్లకి ఒక విద్య ఉంది. కొబ్బరికాయని వేలి కణుపుతో కొట్టి లోపల నీళ్లున్నాయో లేదో, కాయ ముదిరిందో లేదో చెప్పేస్తారు. ధనకుమారి ఆ విద్యలో ఘనాపాఠి. చక్రాలాయన్ని కొట్టి చూసింది, "ఇది పడవెక్కదు" అంది. నీలంచొక్కాని కొట్టి చూసింది. ప్లాస్టిక్ కాబట్టి టపటపమంది. "గొడ్డుకాయ" అని తేల్చేసింది. తర్వాత నన్ను కొట్టింది. నేను ఖంగుమన్నాను. ఆవిడ మొహం విప్పారింది. నా టాంకీలో చుక్క పెట్రోలు లేదు కాబట్టి ఖంగుమన్నానని నాకు తెలుసు. చెప్పే నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

కరీముల్లా మాత్రం పట్టువదలకుండా నీలంచొక్కా మెషిన్ని నడిపి చూపించాడు. నిజంగానే చప్పుడు లేదు. వీరవేణి దానిమీద చెయ్యి పెట్టి కాసేపు ఆలోచించింది.

"ఇది వద్దన్నయ్యా," అంది మెల్లగా. "నడుత్తుందో లేదో ఎవరికీ తెలీదు. మా ఊళ్లో నలభైమంది ఆడోళ్లు వాళ్లిళ్లల్లో పడుకుని గుడ్లు ఏమవుతున్నాయోనని బెంగెట్టుకుంటారు. కరెంటు పోగానే దీని చప్పుడు వాళ్లకి వినపడాలి. అప్పుడే నిద్రోతారు."

ప్రపంచంలో జనరేటర్ని గోల చేస్తుందని కొన్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. నన్ను నడిపారు. షాపు అద్దాలు గడగడలాడాయి. బల్లమీది పది బల్బులూ వెలిగాయి. నా జన్మలో అంత గౌరవంగా నన్నెవరూ చూడలేదు.

కరీముల్లా వెళ్లేముందు ఒక్క మాట చెప్పాడు. "బల్బులకీ ఫ్యానుకీ ఇది చాలమ్మా. మోటారున్నవి మాత్రం తగిలించకండి. మోటారు లేచేటప్పుడు మూడింతలు లాగుద్ది."

"లాగితే లాగనీ. ఇది వెయ్యి కదా!" అంది ధనకుమారి. నేనూ అలాగే అనుకున్నాను.

ఏడుకొండలు నన్ను నెత్తిన పెట్టుకుని రేవు దాటించాడు. పడవ దిగేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. వీరవేణి అత్తగారు సూరమ్మ గారు పసుపు నూరి పళ్లెంలో తెచ్చింది. కొత్త వస్తువుకి బొట్టు పెట్టాలి కదా. బొట్టు ఎక్కడ పెట్టాలని ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. పొగగొట్టం పక్కన పసుపుపచ్చటి చీటీ ఒకటి ఉంది. దానిమీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు, మూలన పుర్రె బొమ్మ. పుర్రె అశుభమని ఆవిడ సరిగ్గా దానిమీదే అరచేయంత పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ దిద్దింది. చాలా కళగా ఉన్నానని అందరూ అన్నారు. ఆ చీటీలో ఏముందో నాకూ తెలియదు. ఒంటిమీద రాసిందే చదువుకోలేనివాణ్ణి, ఎదుటివాళ్ల చదువు గురించి ఏం మాట్లాడతాను?

లంకలో నా పరువు పదకొండు రోజులు నిలిచింది. పన్నెండోనాడు ధనకుమారి ఇంట్లో ఏదో వ్రతం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆవిడిల్లు పక్కనే ఉన్న రెండంతస్తుల డాబా. అప్పటికింకా పొదుగుడు పెట్టెలో గుడ్లు పెట్టలేదు, నేను ఖాళీగా ఉన్నాను. నన్ను తీసుకెళ్లి ఆవిడ రుబ్బుడు గ్రైండరుకి తగిలించారు. స్విచ్చి వేశారు. నేను కెవ్వున ఒక కేక పెట్టి, రెండు దగ్గులు దగ్గి, నోరు మూసుకున్నాను. మళ్లీ తాడు లాగారు, మళ్లీ అదే కథ. ఆరుసార్లు లాగిన ఏడుకొండలు భుజం పట్టేసింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అది నా పొట్టమీద రాసి ఉండాల్సింది. వ్రతానికొచ్చిన ముత్తయిదువులంతా పప్పు నానబెట్టిన గిన్నె చుట్టూ నిలబడి నన్నే చూశారు.

"దీని గొంతు చూసి మోసపోయాం. బడాయి తప్ప బలం లేదు," అంది ధనకుమారి. ఆ మాట లంకంతా పాకింది. ఆ తర్వాత ఊళ్లో గట్టిగా మాట్లాడి పనిచెయ్యనివాడికి నా పేరు పెట్టారు.

వీరవేణి మాత్రం నన్ను తుడిచి తన వసారాలో పెట్టుకుంది. మర్నాడు గుడ్లు సర్దింది. కరెంటు పోయినప్పుడల్లా వచ్చి, చోక్ తిప్పి, తాడు లాగి, నేను లేచేదాకా "లే నాన్నా, లే" అంటూ బతిమాలేది. లేచాక నా మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం నిలబడేది. బల్బులూ ఫ్యానూ నాకు మెతుకుతో సమానం. దర్జాగా మోసేవాణ్ణి. నా గోల వినగానే చుట్టుపక్కల ఇళ్లల్లో ఆడవాళ్లు "నడుత్తుంది, నడుత్తుంది" అనుకోవడం నాకు వినపడేది. చలిగాలి వేస్తే ఆమె పాత దుప్పటి తెచ్చి నామీద కప్పేది. ఇనుముకి చలేమిటని ఏడుకొండలు నవ్వేవాడు. ఆమె వినేది కాదు. నాకు చలి తెలియదన్నది నిజమే. కానీ ఆ దుప్పటి నాకు ఇష్టంగా ఉండేదన్నది కూడా అంతే నిజం.

పద్దెనిమిదో రోజుకి రేడియోలో తుపాను అన్నారు. అప్పటి నుంచి గుడ్లని కదపకూడదు, లోపల పిల్ల తల తిప్పుకుని సిద్ధమవుతుంది. పందొమ్మిదో రోజు పొద్దున కరెంటు స్తంభాలు ఒరిగాయి. ఊళ్లో పెంకుటిళ్లవాళ్లంతా, నలభైమంది దాకా, ధనకుమారి డాబాలో చేరారు. ఏడుకొండలు గేదెల్ని గట్టుకి తోలుకెళ్లాడు. వీరవేణిని కూడా డాబాకి రమ్మన్నారు.

"గుడ్లొదిలి నేను రాను వదినా," అంది. పోయినసారి కూడా పందొమ్మిదో రోజే.

పొదుగుడు పెట్టె ఉన్నది చిన్న స్లాబు గదిలో. ఒక తలుపు, ఒక కిటికీ. ఇంట్లో గట్టిగా నిలబడే గది అదొక్కటే. పెట్టె పక్కన సూరమ్మ గారు చాప వేసుకుని కూర్చుంది. నేను వసారాలో నడుస్తున్నాను. నా నుంచి ఒక వైరు పెట్టెకి, ఇంకో వైరు ధనకుమారి డాబాకి. రెండు బల్బులూ ఫోన్ల చార్జింగూ తప్ప ఇంకేమీ పెట్టనని ఆవిడ చేత వీరవేణి ఒట్టు వేయించుకుంది.

మధ్యాహ్నానికి వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. నీళ్లు నా ముక్కులోకి పోయాయి. దగ్గాను. మళ్లీ దగ్గాను. వీరవేణి తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. తన పైట నామీద కప్పింది, అది కూడా తడిసిపోయింది. తర్వాత ఆ సన్నటి మనిషి నన్ను నడుస్తుండగానే రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకుని, కాళ్లు తడబడుతూ గదిలోకి తెచ్చింది. వేడికి చెయ్యి చుర్రుమన్నా వదల్లేదు. నన్ను పెట్టె పక్కనే గోడవారగా దించింది. గాలికి తలుపు కొట్టుకుంటోందని గడియ వేసింది. కిటికీ సందుల్లో గోనెపట్టాలు కుక్కింది. గుడ్లకి చలి తగలకూడదని తలుపు కింద బొంత చుట్టి పెట్టింది.

నేను ఎంత సంతోషించానో చెబితే నవ్వుతారు. పుట్టాక మొదటిసారి ఇంట్లో ఉన్నాను. పెట్టెకున్న అద్దంలోంచి గుడ్లు కనబడుతున్నాయి. సూరమ్మ గారు నా వేడికి చేతులు కాచుకుంది. బయట తుపాను, లోపల నేను, ఇదంతా నా వల్లే నిలబడిందనుకున్నాను. ఇంకాస్త హుషారుగా నడిచాను.

"తల దిమ్ముగా ఉందే," అంది సూరమ్మ గారు కాసేపటికి.

"టీ తాగలేదు కదత్తయ్యా," అంది వీరవేణి. "నాకూ అలాగే ఉంది."

ఆవిడ చాపమీద ఒరిగింది. వీరవేణి పెట్టెలో వేడి ఎంతుందో చూడబోయింది, కళ్లు చిట్లించుకుంది, అంకెలు ఆనలేదు. లేవబోతే కాళ్లు సాయం రాలేదు. ఆకలనుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మరి. పెట్టెకి వీపు ఆనించి కూర్చుని, నా వైపు చూసి, "నువ్వు నడువు నాన్నా, నేనొక్క కునుకు తీస్తా," అంది. నేను నడిచాను. చెప్పినమాట వినడం నాకు ఒక్కటే తెలుసు. నా పొగగొట్టం ఆమె మొహానికి మూడు మూరల దూరంలో ఉంది.

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నన్ను తడవనివ్వకూడదనుకున్న ఒకే ఒక మనిషిని నేను చంపుతున్నాను. నాకు తెలియదు. తెలియకపోవడం ఒక సాకు అయితే, అది నా దగ్గర బోలెడుంది.

ఆ సమయంలో డాబాలో ధనకుమారికి వేరే చిక్కు వచ్చింది. నలభైమందికి సాయంత్రం ఏదో ఒకటి పెట్టాలి. మినప్పప్పు నానింది. రోట్లో రుబ్బుదామంటే రోలు పెరట్లో మోకాలిలోతు నీళ్లలో ఉంది. గ్రైండరు ఎదురుగా ఉంది, వైరు ఎదురుగా ఉంది. ఒట్టు వేసినామె అటూ ఇటూ చూసింది. గాలి హోరులో ఎవరికి వినపడుతుందిలే, రెండు తిప్పులు తిప్పి ఆపేద్దాం అనుకుంది. స్విచ్చి వేసింది.

నేను కెవ్వుమన్నాను. రెండు దగ్గులు దగ్గాను. ఆగిపోయాను.

డాబాలో బల్బులు ఆరిపోయాయి. అందరూ ధనకుమారి వైపు చూశారు. ఆవిడ చెయ్యి ఇంకా స్విచ్చిమీదే ఉంది. రెండు నిమిషాలు చూశారట, వీరవేణి మళ్లీ తాడు లాగుతుందని. నా గొంతు రాలేదు. అప్పుడు డాబాలో ఉన్న ఆడవాళ్లలో ఒకరు, "చప్పుడు లేదేంటే? గుడ్లో!" అన్నారు. ధనకుమారి తన వల్ల ఆ పిల్ల మాట రెండోసారి పోతోందని ఏడుస్తూ, దారిపొడుగునా నన్ను తిడుతూ, వానలో అడ్డంపడి వచ్చింది. పిలిచింది. తలుపు కొట్టింది. పలుకు లేదు. ఆ భారీ మనిషి భుజం వేసి ఒక్క తోపు తోసేసరికి గడియ ఊడిపోయింది.

"అయ్యబాబోయ్, వేణీ!"

ఇద్దరినీ రెక్కలు పట్టి వానలోకి ఈడ్చింది. వెనకాల వచ్చినవాళ్లు మొహాలమీద కొట్టారు, అరికాళ్లు రుద్దారు. తుపాను గాలే వాళ్లిద్దరికీ మందైంది. వీరవేణి ముందు వాంతి చేసుకుంది. తర్వాత కళ్లు తెరిచింది. మొదటి మాటగా, "గుడ్లు" అంది.

గదిలో పెట్టె చల్లబడుతోంది. ధనకుమారి నన్ను బయటికి ఈడ్చి తాడు లాగింది, కానీ తడిసి ముద్దయిన ప్లగ్గుతో నేనేం లేస్తాను? కదిపితే గుడ్లు పోతాయని వీరవేణికి తెలుసు. కదపకపోతే తప్పకుండా పోతాయని కూడా తెలుసు. "ఒళ్లో పెట్టుకోండే, తలా అయిదు," అంది నేలమీంచే.

నేను అక్కడ లేను, విన్నదే చెబుతున్నాను. బుట్టల్లో గుడ్డలు పరిచి రెండువందల గుడ్లూ డాబాలోకి చేర్చారట. ఆడవాళ్లు ఒడిలో, పైట మడతల్లో, రవికల్లో పెట్టుకున్నారు. మగవాళ్లు లుంగీ మడతల్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఊరి ప్రెసిడెంటు గారు ఆరు గుడ్లు పొట్టకి కట్టుకుని తుమ్ము వస్తే ఎలాగని మూడు రోజులు హడలిపోయాడట. ఎవరి గుర్తున్న గుడ్డు ఎవరి ఒళ్లో ఉందో ఒక్కరూ చూసుకోలేదు. కొట్లాడుకున్నవాళ్లు, మాటలు మానేసినవాళ్లు, అందరూ ఒకే గదిలో, గుడ్లు పగులుతాయని గొంతెత్తకుండా మాట్లాడుకున్నారు. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ఎవరి పైటలోనో మొదట కిచకిచ వినబడింది. మొత్తం నూట పన్నెండు పిల్లలొచ్చాయి.

నేను చెయ్యాల్సిన పని నలభైమంది ఒంటి వేడి చేసింది. లీటరు పెట్రోలు కూడా అడక్కుండా.

సూరమ్మ గారు బతికింది గాని నెల రోజులు మనిషి తేరుకోలేదు. కోడలి పేరు మరిచిపోయి "ఓ అమ్మాయి, ఓ అమ్మాయి" అని పిలిచేది. నీళ్లు తగ్గాక పడవమీద కరీముల్లా వచ్చాడు. ఆ గది చూశాడు, కిటికీలో కుక్కిన గోనెపట్టాలు చూశాడు, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని మెట్టుమీద కూలబడ్డాడు.

"లోపల పెట్టి నడిపారా అమ్మా? దీని పొగలో ఒక విషం ఉంటది. దానికి వాసనుండదు, రంగుండదు. నిద్దట్లోనే పోతారు. ఇంకో పావుగంట నడిచుంటే..." అని ఆపేశాడు. తర్వాత తడిగుడ్డ తెచ్చి నా పొగగొట్టం పక్క పసుపంతా తుడిచి, ఆ చీటీ చదివి చెప్పాడు. ఇంటిలోపల నడపవద్దు, తలుపులు మూసిన చోట నడిపితే ప్రాణాపాయం. అంత దూరం నుంచి ఆ నాలుగు వరుసలూ మోసుకొచ్చింది నేనే. "నేనైనా చెప్పుండాల్సింది. మోటార్ల గురించి చెప్పాను గాని ఇది చెప్పలేదు," అన్నాడతను.

"దీన్ని గోదాట్లో పారెయ్యండి," అంది ధనకుమారి. నాకూ అదే న్యాయమనిపించింది.

వీరవేణి గోడ పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది. "లోపలికి తెచ్చింది నేను వదినా. అదేమో నువ్వు గ్రైండరు వెయ్యగానే ఆగిపోయింది. ఇంకాస్త బలమున్నదాన్ని కొనుంటే ఆగేది కాదు కదా," అంది.

ఆ మాటకి ఆనందించాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని చేతకాకపోవడం.

ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, గాలివాటం చూసి, నాలుగు కొబ్బరి దుంగలు పాతి పైన రేకు వేసి నాకొక పందిరి కట్టారు. చుట్టూ గోడల్లేవు. గుడ్లు మళ్లీ వచ్చాయి, ఈసారి నలభై కాదు, అరవై ఇళ్ల నుంచి. కరెంటు పోతే వీరవేణి వచ్చి తాడు లాగుతుంది, పొగగొట్టం ఏటివైపు తిరిగి ఉందో లేదో చూసుకుంటుంది, వెనక్కి వెళ్లిపోతుంది. నామీద చెయ్యి వేసి నిలబడటం మానేసింది. దుప్పటి కప్పడం మానేసింది. తలుపు పూర్తిగా తీసి ఉంచి లోపల కూర్చుంటుంది.

వానలు పడ్డప్పుడు జల్లు నా మీదికి కొడుతుంది. నేను దగ్గుతాను. అప్పుడామె లేచి గుమ్మంలోకి వస్తుంది. ఒక చెయ్యి ద్వారబంధం మీద వేసి, ఒక కాలు మెట్టుమీదికి దించి, నన్నే చూస్తుంది. అలవాటు అంత తొందరగా పోదు. నేను ఎంత దగ్గు వచ్చినా బిగబట్టి, ఉన్న ఏడువందల యాభై వాట్లూ కూడగట్టుకుని గట్టిగా నడుస్తాను. రావద్దు తల్లీ, నేను తడుస్తాను, నువ్వు రావద్దు అని నా గోలలో నేను అరుస్తాను. ఆమె కాసేపు విని, ఆ కాలు మళ్లీ లోపలికి తీసుకుంటుంది.